రసమట్టం

ఆదివారం. కల్కెరె, రెండో క్రాసు.
నీళ్ళ ట్యాంకరు రాని రోజు కాబట్టి
వీధికి అడ్డంగా బండి నిలిపినా ఎవరూ ఏమనలేదు.

హోసూరులో మూడో చేతి నుంచి
నాలుగో చేతికి, అంటే నా చేతికి, వచ్చిన పికప్.
కుండీలూ ఎర్రమట్టి బస్తాలూ ఎక్కితే
నడుం దిగి, ముక్కూ తోకా ఒక్క వరసలో నిలుస్తుంది.
దింపేసి తిరిగొచ్చేటప్పుడే
ముందుకు వంగిపోతుంది,
ఎవరో బాగా తిట్టి పంపినట్టు.

"లోడెత్తితే అదే మట్టమవుతుంది గదా వదినా,
దీనికి నాలుగు వేలు తగలేసేది యాల?" అన్నాడు ఓబులేసు.
సరైన ప్రశ్నే.
మోసేటప్పుడు ఎట్లాగూ నిటారుగానే ఉంటాం,
ఖాళీగా ఇంటికొచ్చే దారి గురించే నా బాధ
అని చెప్పలేదు.
"జాకీ పట్రా" అన్నాను.

చక్రం నేల మీదుండగానే నట్లు వదులు చేయాలి.
ఇది నేను ఒకసారి మరిచి నేర్చుకున్నది.
ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు.
ఇది వేరేవాళ్ళు మరిచి, మాకు నేర్పి పోయింది.
స్టాండ్లు పెట్టాం. ఊడదీసిన చక్రాన్నే బండి కిందికి తోశాం,
ఏది జారినా ముందు అది నలగాలని.

పందొమ్మిదో నంబరు నట్టు కదల్లేదు.
నూనె పోశాం. కాఫీ తాగాం. మళ్ళీ నూనె పోశాం.
పక్కన మేడ కడుతున్న చోట నుంచి
ఓబులేసు ఓ పైపు తెచ్చి స్పానర్ తోకకు తొడిగాడు.
ఇద్దరం దాని మీద వేలాడాం.
టక్కుమంది.
ఊడిందో విరిగిందో తెలియని ఆ అరక్షణం
ఎదుటి బాల్కనీలో పుట్టమాదప్ప గారి పేపరు కూడా తిరగడం మానేసింది.
ఊడింది.

స్ప్రింగు జోలికి పోలేదు.
అది అదిమిపెట్టిన కోపం,
విప్పే పనిముట్టు మా దగ్గర లేదు.
దాని నెత్తిన ఇనప దిమ్మె ఒకటి, ఇడ్లీ అంత మందం.
మూడు బోల్టులు మూడు కన్నాల్లో కూర్చోవాలి.
రెండు కూర్చుంటే మూడోది అలుగుతుంది.
కింద ఆర్మును కాలితో తొక్కిపట్టి
వాడు పైనుంచి వేలితో బోల్టును వెతుక్కుంటూ
నేను కిందనుంచి దేవుణ్ణి వెతుక్కుంటూ.
మోచేతి దగ్గర తోలు లేచింది.

కుడి వైపు మూడు గంటలు.
ఎడమ వైపు నలభై నిమిషాలు.

పొద్దు వాలేసరికి కుర్మయ్య వచ్చాడు, పైపు కోసం.
పాలమూరు నుంచి వచ్చి
పదకొండేళ్ళుగా ఈ ఊరి గోడలు నిలబెడుతున్న మేస్త్రీ.
చంకలో రసమట్టం.
అడిగి తీసుకుని తలుపు కింది అంచున పెట్టాను.
బుడగ వెనక్కి పరుగెత్తింది.
ఇంకా ముక్కు కిందికే!
ఇంత చేసీ, ఇంకా తల వంచుకునే ఉంది.

ఆయన నవ్వలేదు. రసమట్టం తీసి
చక్రం పక్కన, సిమెంటు మీద పెట్టాడు.
బుడగ అదే గీత దగ్గర ఆగింది.
"బండి మంచిగనే ఉందక్కా.
గల్లీయే వంగింది, మోరీ దిక్కు."
పైపు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళుగా ఈ వాలు మీదే కాపురం.
కల్లాపి నీళ్ళు అటే ఎందుకు పోతాయని
ఒక్క పొద్దూ అడిగిన పాపాన పోలేదు.

సోమవారం నాలుగింటికి నలభై బస్తాలు ఎత్తాం.
ఇప్పుడు ముక్కు ఆకాశంలోకి లేచింది.
లైటు వేస్తే వెలుగంతా
పుట్టమాదప్ప గారి పడకగదిలోకి.
స్క్రూ రెండు చుట్లు కిందికి తిప్పి
కన్నడంలో క్షమాపణ చెప్పుకుని బయల్దేరాను.

సాయంత్రం ఖాళీ బండి.
కె.ఆర్.పురం వంతెన దిగుతూ
ముందున్న లారీ వెనక అద్దంలాంటి రేకులో
మా ముక్కు చూసుకున్నాను.
పరవాలేదు.

ఒక వాషరు మిగిలింది.
ఎక్కడిదో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.
డాష్‌బోర్డు మీద పెట్టాను.
గుంత వచ్చినప్పుడల్లా అది మోగుతుంది,
బండి మోగడం లేదు.